చన్నుబాలు ఊరికే రావు

(వాయల్పాడులో కూలి ఆడవాళ్ల సభలో మా సంఘం మహిళా విభాగం తరఫున చేసిన ఉపన్యాసం. మాట్లాడినది మాట్లాడినట్టే, కొద్ది సవరణలతో ఇస్తున్నాం.)



భూమి గురించి, శ్మశానం దోవ గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడే సంఘం ఈ దినం చన్నుబాల గురించి సభ పెడుతుందని చెప్తే మన మగోళ్లు కొందరు నవ్వినారు. "ఇదేమి ఉద్యమమప్పా, ఇండ్లల్లో ఆడోళ్లు చూసుకునే పని గదా" అన్నారు. నవ్వినందుకు మాకు కోపం లేదు. కానీ ఆ మాట నిజమా అని అడుగుతున్నాం. మన ఆడోళ్లు ఇండ్లల్లో యాడ వుండారు? కాన్పయి రెండు నెలలు తిరక్కముందే టమోటా తోటలో వుంటారు, ఇటికల బట్టీలో వుంటారు, మదనపల్లెలో మిద్దెల మీదికి ఇసక మోస్తా వుంటారు, కుప్పంలో తెల్లారకముందే బెంగుళూరు రైలెక్కుతా వుంటారు. బిడ్డ మాత్రం వాడలో అవ్వ దగ్గర. చన్నుబాలివ్వాలంటే తల్లీ బిడ్డా ఒక తావున వుండాల గదా. తల్లి తోటలో, బిడ్డ వాడలో, మధ్యలో మూడు మైళ్లు. ఆ మూడు మైళ్లను ఎవరు పెట్టినారు, ఎవరు తీసెయ్యాల అనేదే మా ఉపన్యాసం.

ఏటా ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. 1992 నించి ప్రపంచమంతా జరుపుతున్నారు. అంగన్‌వాడీ గోడకు ఒక బొమ్మ అంటిస్తారు. బొమ్మలో తల్లి తెల్లగా, నిండుగా, మంచి చీర కట్టుకుని, మెత్తటి పరుపు మీద కూర్చోనుంటుంది. కింద "తల్లిపాలు అమృతం" అని రాసుంటుంది. అమృతం కాదని ఎవరంటారు? ఆ బొమ్మలో తల్లికి పొద్దున ఆరు గంటలకు మేస్త్రీ పిలుపు లేదు. ఆమె చేతులకు టమోటా పసరు లేదు. ఆ బొమ్మ కింద నిలబడి మన తల్లికి ఉపన్యాసం చెప్పిపోతారు, "ఆరు నెలలు చన్నుబాలే ఇవ్వమ్మా, నీళ్లు గూడా పట్టొద్దు" అని. ఆమె తలూపుతుంది. మర్నాడు పనికి పోతుంది. ఈ రెండింటి మధ్యన ఏం జరుగుతుందో బొమ్మ వేసినోళ్లకు పట్టదు.

ముందు పాల సంగతి సూటిగా చెప్పుకుందాం. పుట్టిన గంటలోపల బిడ్డను రొమ్ముకు పట్టుకోవాల. మొదటి రెండు మూడు దినాలు వచ్చే పచ్చటి చిక్కటి ముర్రుపాలు ఒక్క చుక్క పారెయ్యగూడదు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తి అందులోనే వుంది. ఆరు నెలలు చన్నుబాలు తప్ప తేనె, చక్కెర నీళ్లు, గ్రైప్ వాటర్ ఏదీ వద్దు. ఎండాకాలంలో గూడా నీళ్లు వద్దు, పాలల్లోనే కావలసినంత నీరుంది. ఆరు నెలల తర్వాత సంగటి, పప్పు, గుడ్డు మెత్తగా పిసికి పెడతా, రెండేళ్ల దాకా చన్నుబాలు ఇస్తానే వుండొచ్చు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, ప్రభుత్వం చెప్పేది.

ఇంగ పాలు ఎట్లా పడతాయి? ఏటి ఇసకలో చెలమ తీస్తే చూసినారు గదా, తోడేకొద్దీ ఊరుతుంది. తోడకుండా పెడితే పూడిపోతుంది. రొమ్ము గూడా అంతే. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. పొద్దున ఆరుకు పోయి మధ్యాన్నం మూడుకు వచ్చే తల్లికి దినానికి నాలుగైదు సార్లు బిడ్డ చీకేది తప్పిపోతుంది. మొదట్లో రొమ్ములు గడ్డలు కడతాయి, చాళ్ల మధ్యన రవిక తడిసిపోతుంది, కొంగు కప్పుకుని పని చేస్తుంది. రెండు మూడు వారాలకు పాలు తగ్గిపోతాయి. అప్పుడు వూరు ఏమంటుంది? "పాపం, ఆయమ్మకు పాలు లేవు" అంటుంది. పాలు లేక కాదు, పాలకు వేళ లేక. వేళ ఎవరి చేతిలో వుంది? కూలి ఇచ్చేవాడి చేతిలో.

మనది పాడికి పేరుపడ్డ ప్రాంతం. పుంగనూరు పొట్టి ఆవు దేశమంతా తెలుసు, ఆ జాతి అంతరించిపోకుండా పలమనేరులో ప్రభుత్వం పరిశోధనా కేంద్రమే నడుపుతా వుంది. మంచిదే. ఆవు ఈనితే జున్నుపాలు ముందు దూడకు తాపకపోతే దూడ నిలవదని చిన్న రైతుకు గూడా తెలుసు. ఈనిన ఆవును మడక్కు కట్టరు. దూడను కుడిపించకుండా పాలు పితికితే ఆవు చేపదని తెలుసు. ఇంత తెలిసిన ఇంట్లోనే, ఆ పేడకళ్లు ఎత్తే ఆడమనిషి కాన్పయిన నెలకు పనికి రాకపోతే "ఎన్నాళ్లు పడుకుంటావు మేయ్" అని మనిషిని పంపిస్తారు. ఆవుకున్న పాటి బాలింత సెలవు మన ఆడోళ్లకు లేదు. ఈ మాట కటువుగా వుంటే వుండనీ.

మన వాడల్లో గూడా వొదులుకోవాల్సినవి వుండాయి. ముర్రుపాలు "చెడ్డపాలు" అని పిండి నేల మీద పోసే అవ్వలు ఇంకా వుండారు. మూడు చుక్కలు గాడిద పాలు పోస్తే బిడ్డకు ఉబ్బసం రాదని సంతలో గాడిదను తెచ్చినోడికి డబ్బులిస్తారు. వస అరగదీసి నాకిస్తారు. బాలింతకు పథ్యమని ఒంటిపూట కూడు, ఎల్లిపాయ కారం, నీళ్లు గూడా కొలిచి పోస్తారు. పాలిచ్చే మనిషికి మామూలు కంటే ఎక్కువ కూడు, ఎక్కువ నీళ్లు కావాల. తల్లి బక్కచిక్కినా పాలు పడతాయి, నిజమే, కానీ ఆ పాలకు కావాల్సింది ఆమె ఒంట్లో నించే పోతుంది. మన రాష్ట్రంలో 15 నించి 49 ఏళ్ల ఆడోళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అట్లాంటి ఒంటితో పాలిచ్చే మనిషికి పథ్యం పేరుతో కూడు తగ్గించడం అన్యాయం. అవ్వల మీద కోపం అక్కర్లేదు. వాళ్లకు ఎవరూ పక్కన కూర్చోని చెప్పలేదు.

ఆసుపత్రి సంగతికి వద్దాం. ఒకప్పుడు కాన్పులు ఇంట్లోనే. మంత్రసానులు ఎక్కువ మంది మన ఆడోళ్లు, మంగలి, చాకలి ఆడోళ్లు. వూర్లో పెద్దకులాల బిడ్డల బొడ్డు కోసిన చేతులు, మైల గుడ్డలు ఉతికిన చేతులు అవే. ఇప్పుడు కాన్పులు ఆసుపత్రికి చేరినాయి. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రిలోనే. తల్లుల ప్రాణాలు నిలబడతా వుండాయి, అది చిన్న సంగతి కాదు. కానీ దేశం మొత్తం మీద చూస్తే, నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతా వుంటే, పుట్టిన గంటలోపల చన్నుబాలు అందే బిడ్డలు నూటికి 41.8 మందే. డాక్టరు వుండాడు, నర్సు వుంది, మంచం వుంది. మొదటి గంట మాత్రం యాడికి పోతా వుంది?

ఒక దోవ ఆపరేషన్. మన రాష్ట్రంలో నూటికి 42.4 కాన్పులు కడుపు కోసి తీసినవే, తెలంగాణలో 60.7. ఆపరేషనయిన తల్లికి పాలు రావని, రెండు దినాలు బిడ్డను వేరే పెట్టాలని చెప్పేస్తారు. నిజం కాదు. నడుముకు మత్తిచ్చిన ఆపరేషన్లో తల్లి మెలకువగానే వుంటుంది. బిడ్డను తెచ్చి రొమ్ము పక్కన పండేసి పట్టుకునే మనిషి ఒకరుంటే చాలు. ఆ ఒక్క మనిషే లేదు.

ఇంగో దోవ మనం మాత్రమే మాట్లాడగలిగినది. చన్నుబాలు పట్టించడం అనేది తాకి చూపించే పని. తొలిచూలు తల్లికి బిడ్డను ఎట్లా ఎత్తుకోవాలో, బిడ్డ నోట్లోకి మొన ఒక్కటే కాదు దాని చుట్టూ నల్లటి భాగం గూడా ఎట్లా పోవాలో, నర్సు పక్కన కూర్చోని, ఆమె రొమ్మును చేత్తో పట్టి, బిడ్డ తల సరిచేసి చూపించాల. మాటలతో వచ్చే విద్య కాదిది. మన తల్లుల దగ్గరికి వచ్చేసరికి కొన్ని చోట్ల ఆ చేయి ఆగిపోతుంది. మంచానికి మూరెడు దూరం నించి "పాలియ్యి, పాలియ్యి, ఎట్లా కంటివో అట్లా ఇయ్యి" అని అరుస్తారు. మా దగ్గర సంఘంలో పనిచేసే ఒక చెల్లెలికి అట్లానే జరిగింది. ఆసుపత్రి పేరు చెప్పం, ఇది ఒక్క ఆసుపత్రి జబ్బు కాదు గనక. రెండు దినాలు బిడ్డ ఏడ్చింది. మూడో దినం చీటీ రాసిచ్చినారు, డబ్బా తెచ్చుకోమని. అదే వార్డులో ఇంకో మంచం దగ్గర కూర్చోని అరగంట సేపు చూపించిన నర్సు గూడా వుంది, ఆమె మంచి మనిషే. ఎవరి మంచం దగ్గర కూర్చోవాలనేది మాత్రం మంచితనం తేల్చలేదు. అంటరానితనం బావి దగ్గరా, హోటల్ గ్లాసు దగ్గరా వెతికే మనం బాలింతల వార్డులో గూడా వెతకాల.

1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి బిడ్డలకు అనుకూలమైన ఆసుపత్రులు అనే పథకం పెట్టినాయి. పది నియమాలు. తల్లీ బిడ్డలను రాత్రీ పగలూ ఒక్క చోటే వుంచాల, వైద్యకారణం లేకుండా వేరే పాలు పట్టగూడదు, సిబ్బంది అందరికీ పాలు పట్టించే పని నేర్పాల, ఇంటికి పోయినాక గూడా తల్లికి అండ చూపాల. 2016 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం "మా" అనే పేరుతో కార్యక్రమం పెట్టి ఇవే మాటలు చెప్పింది. కాగితం బాగుంది. మనం అడగాల్సింది ఒక్కటే: మా మంచం దగ్గర కూర్చునే మనిషి ఎవరు, ఏ షిఫ్టులో? దానికి తోడు 2011 నించి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, బాలింతకు భోజనం, ఇంటికి దింపే బండి అన్నీ ఉచితం. చేతులు చాచినోళ్లకు ఇచ్చుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు డబ్బా సంగతి. పాలపొడి డబ్బా కొంటే ఒక దినం కూలి పోతుంది. రెండు మూడు నెలల బిడ్డకు సరిగ్గా కొలత ప్రకారం కలిపితే 400 గ్రాముల డబ్బా నాలుగు దినాలకు అయిపోతుంది. కూలోళ్లు ఏం చేస్తారు? నాలుగు గంటెలకు బదులు రెండు గంటెలు వేసి నీళ్లు ఎక్కువ పోస్తారు. బిడ్డ కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. ఆ నీళ్లు యాడివి? ఆ సీసా ఎన్నిసార్లు కాగింది? పీపాలో పాచిపట్టిన పాలతో బేదులు. మళ్లా ఆసుపత్రి, మళ్లా అప్పు.

ఇది మన వాడల్లో పుట్టిన కథ కాదు. ఆఫ్రికాలో పాలపొడి కంపెనీలు నర్సుల మాదిరి బట్టలు తొడిగిన ఆడవాళ్లను ఆసుపత్రులకు పంపి తల్లులకు డబ్బాలు అలవాటు చేసినాయని 1974లో లండన్లో ఒక సంస్థ పుస్తకం వేసింది. 1977లో నెస్లే సరుకులు కొనొద్దని అమెరికాలో బహిష్కరణ మొదలయింది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభలో, డబ్బాపాల ప్రచారం మీద నియమావళి పెడితే, 118 దేశాలు సరేనన్నాయి, ఒక్క అమెరికా వ్యతిరేకంగా ఓటేసింది. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది, 1993 ఆగస్టు 1 నించి అమలయింది, 2003లో ఇంకా గట్టి చేసినారు. ఈ చట్టం ఏం చెప్తుందో మన కార్యకర్తలు నోటికి పట్టుకోవాల. డబ్బాపాలకూ, సీసాలకూ ప్రచారం చెయ్యగూడదు. తల్లులకు ఉచిత శాంపిళ్లు, బహుమానాలు ఇవ్వగూడదు. డాక్టర్లకూ నర్సులకూ కంపెనీ డబ్బులు ఇవ్వగూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వుండగూడదు. తప్పు చేసినోళ్లకు జైలు శిక్ష గూడా రాసుంది. అంటే ఆసుపత్రి లోపల కంపెనీ మనిషి డబ్బాలు పంచుతా కనిపిస్తే అది మర్యాద కాదు, నేరం.

ఒక మాట గట్టిగా చెప్తున్నాం. తల్లి చచ్చిపోయిన బిడ్డ వుంటుంది, జబ్బు వల్ల పాలివ్వగూడని తల్లి వుంటుంది, ఎంత చేసినా చాలినన్ని పాలు పడని తల్లి వుంటుంది. డాక్టరు చూసి చెప్తే డబ్బాపాలే పట్టాల, కొలత ప్రకారం పట్టాల. ఆ తల్లిని ఎవరూ వేలెత్తి చూపగూడదు. నెలలు నిండని బిడ్డలకు ఇంకో తల్లి పాలు పట్టే ఏర్పాటు గూడా వుంది. 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు మొదలయింది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి పేరుతో పెట్టినారు. దానమిచ్చిన తల్లులను పరీక్ష చేసి, పాలు వేడి చేసి శుద్ధి చేసి, చలువలో పెట్టి ఇస్తారు. ఏ కులం తల్లి పాలు ఏ కులం బిడ్డకు పోతున్నాయో సీసా మీద రాయరు. మా వరకు మాకు ఆ ఏర్పాటు చాలా నచ్చింది.

పని చోటుకు పోదాం. ఇక్కడ బాబాసాహెబును తలుచుకోకుండా ముందుకు పోలేం. చాలామందికి ఆయన రాజ్యాంగం తెలుసు, మహద్ చెరువు తెలుసు. మహద్ చెరువు నీళ్లు తాగిన మరుసటి ఏడు, 1928 జులైలో, బొంబాయి శాసనమండలిలో ఆయన ఫ్యాక్టరీ ఆడకూలీల ప్రసూతి భత్యం బిల్లును బలపరుస్తూ మాట్లాడినాడు. ఖర్చు పెరుగుతుందని ఎదురు చెప్పేవాళ్లుండారు. ఆయన వాదన ఏమిటంటే, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, కాబట్టి ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే మొయ్యాల. అయితే ఆడవాళ్లను పనిలో పెట్టుకుని లాభం తీసుకునే యజమాని గూడా తప్పించుకోగూడదు. 1929లో బొంబాయి చట్టం వచ్చింది. మనం అప్పుడు మద్రాసు రాజధానిలో వుంటిమి, ఇక్కడ 1934లో ప్రసూతి భత్యం చట్టం చేసినారు. ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడైనాక 1943లో గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టాన్ని సవరించినాడు. తర్వాత రాజ్యాంగం 42వ అధికరణంలో ప్రసూతి సాయం రాజ్యం బాధ్యత అని రాసుకున్నాం. చూలాలికీ, బాలింతకూ కూలి డబ్బులిచ్చి సెలవు ఇమ్మనడం మన ఉద్యమానికి కొత్త కోరిక కాదు, దాదాపు నూరేళ్ల నాటిది.

ఆ దోవలోనే 1961 ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో సెలవు 12 వారాల నించి 26 వారాలకు పెంచినారు, మూడో బిడ్డకైతే 12 వారాలే. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిపేసినారు, 2025 నవంబరు 21 నించి అది అమల్లోకి వచ్చింది. అందులో గూడా 26 వారాల సెలవుంది. పనిలో చేరినాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా దినానికి రెండు సార్లు పాలిచ్చేందుకు విరామముంది. 50 మంది పనిచేసే చోట బిడ్డల గది పెట్టాల, దినానికి నాలుగు సార్లు తల్లి పోయి చూసుకోవచ్చు. కుప్పం నించి గార్మెంట్సుకు పోయే మన బిడ్డలకు ఈ మాట చెప్పండి. సంతకం పెట్టించుకునేటప్పుడే ఈ హక్కులు రాసివ్వమని అడగమనండి. ముందటి పన్నెండు నెలల్లో 80 దినాలు పనిచేసుంటే చాలు, ఈ సెలవు వస్తుంది. ఢిల్లీ మునిసిపాలిటీలో రోడ్ల పని చేసే మస్టర్ రోల్ ఆడకూలీలకు గూడా, పర్మినెంటు కాకపోయినా, ప్రసూతి ప్రయోజనం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పిచ్చింది. గుంతలు తవ్వే ఆడమనిషి కోర్టుకెక్కి గెలిచిన కేసది.

మరి ఈ సభలో కూర్చున్నోళ్లలో ఆ చట్టం ఎంతమందికి తగులుతుంది? చేతులెత్తమంటే పది చేతులు లేవవు. ఫ్యాక్టరీ వుండాల, గని వుండాల, తోటల కంపెనీ వుండాల, లేకపోతే పది మంది పనిచేసే దుకాణం వుండాల. ఈ దినం ఒకరి టమోటాకు, రేపు ఇంకొకరి వేరుశనగకు పోయే కూలికి యజమాని ఎవరు? ఎవరిని సెలవు అడగాల? ప్రభుత్వ ఉద్యోగం చేసే తల్లికి 180 దినాలు జీతంతో సెలవు. ఆమెకు వుండాల్సిందే, మాకు ఏడుపు లేదు. మన తల్లికి 2013 ఆహార భద్రతా చట్టం 6,000 రూపాయలు ప్రతి గర్భవతికీ, పాలిచ్చే తల్లికీ అని రాసింది. 2017 జనవరి నించి మాతృ వందన పథకం పెట్టి దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసినారు. 2022 నించి రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 అన్నారు. ఆ 5,000ను 26 వారాలకు పంచి చూడండి. దినానికి 27 రూపాయలు. ఆ డబ్బుతో ఏ తల్లి ఇంట్లో కూర్చోగలదు? కుప్పం నించి గీత దాటితే తమిళనాడు. అక్కడ ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో వుండే పథకంలో డబ్బూ పోషకాహారం కిట్లూ కలిపి 18,000 దాకా ఇస్తామని 2018లోనే చేసినారు. గీతకు ఆ పక్క బాలింతకూ ఈ పక్క బాలింతకూ ఆకలిలో తేడా లేదు గదా.

మన పక్క రైతు గూడా అంబానీ కాదు, ఆ సంగతి మనకు తెలుసు. రేటు పడిపోతే టమోటాలు రోడ్డు మీద పారబోసి ఏడ్చే రైతును చూసినాం. ఆయనను "ఆరు నెలలు కూర్చోబెట్టి కూలియ్యి" అంటే యాడ నించి తెస్తాడు? అందుకే పెద్ద భాగం ప్రభుత్వం మొయ్యాలన్న 1928 నాటి మాట మన మడికి సరిగ్గా సరిపోతుంది. రైతును అడగాల్సింది వేరే. పాలిచ్చే తల్లికి పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి అరగంట, కూలి కొయ్యకుండా. బిడ్డను తెచ్చుకుంటే చెట్టుకు చీర వుయ్యాల కట్టుకునేందుకు అడ్డు చెప్పగూడదు. మందు కొట్టే దినం పాలిచ్చే తల్లిని ఆ చేలోకి పిలవగూడదు. మేస్త్రీలతో ఇది మాట్లాడుకోవాల, కూలి రేటు మాట్లాడినప్పుడే. కొంతమంది మేస్త్రీలు మన వాళ్లే, వాళ్లతోనే మొదలుపెడదాం.

ప్రభుత్వ పని చోట్ల గూడా అంతే. 2005 ఉపాధి హామీ చట్టంలో, ఆరేళ్ల లోపు బిడ్డలు ఐదుగురు పని తావుకు వస్తే, వాళ్లను చూసుకునేందుకు ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసినారు. నీడ, నీళ్లు ఇవ్వాలన్నారు. ఎన్ని చెరువు పనుల్లో ఆ ఆయాను చూసినారో మీరే చెప్పండి. 2025 డిసెంబరులో ఆ చట్టం తీసేసి దాని స్థానంలో వేరే చట్టం చేసినారు. చట్టం పేరు ఏదైనా, బిడ్డల నీడ, బిడ్డల ఆయా పోకుండా చూసుకోవాల్సింది మనమే. మిద్దెల పనికి పోయేవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకోండి, కార్డు వుంటే ప్రసూతి సాయం వస్తుంది. చాలామంది మన ఆడోళ్లకు కార్డు లేదు, మగోడికి మాత్రం వుంటుంది. ఇసక మోసేది ఇద్దరూ.

బస్టాండు గురించి ఒక మాట. మదనపల్లెకు సంతకు పోయిన తల్లి బిడ్డ ఏడిస్తే గోడ పక్కకు తిరుక్కుని, కొంగు కప్పుకుని, పది కళ్ల మధ్యన పాలిస్తుంది. 2015 ఆగస్టులో తమిళనాడు బస్టాండ్లలో మూడు వందలకు పైగా పాలిచ్చే గదులు తెరిచినారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గూడా బహిరంగ స్థలాల్లో ఇట్లాంటి గదులు వుండేట్టు రాష్ట్రాలు చూడాలని చెప్పింది. గది కడితే దానికి తాళం వేసి చీపుర్లు పెట్టుకుంటారు, అది గూడా చూసుకోవాల.

చట్టం వచ్చేదాకా బిడ్డ ఆగదు గనక ఇప్పుడే చేసుకోగలిగిన పని ఒకటి చెప్తాం. పనికి పోకముందు పాలు పిండి పెట్టొచ్చు. చేతులు సబ్బుతో కడిగి, ఉడకబెట్టిన స్టీలు గ్లాసులో పిండి, మూత పెట్టి, తడిగుడ్డ చుట్టి చల్లటి మూల పెట్టాల. నాలుగు గంటల లోపల తాపేయాల, మండే ఎండల్లో అంతకంటే ముందే. మరగబెట్టగూడదు. సీసా పీపా వద్దు, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో అవ్వ తాపొచ్చు. పని తావులో గూడా మధ్యలో ఒకసారి పిండి పారేసినా సరే, చెలమ పూడిపోకుండా వుంటుంది. అన్నలారా, ఈ మాట మీకు గూడా. పొద్దున ఆ పాలు పిండే అరగంట ఆమెకు రావాలంటే నీళ్లు ఎవరు తేవాల, పొయ్యి ఎవరు ముట్టించాల? నవ్వినోళ్లు దీనికి జవాబు చెప్పాల.

ఆఖరుగా మనం ఈ నెలలో చెయ్యబోయే పని. వాడలో అంగన్‌వాడీ వుంటే బిడ్డను అక్కడ వొదిలి, మధ్యలో వచ్చి పాలిచ్చి పోవచ్చు. చాలా చోట్ల అంగన్‌వాడీ వూర్లో వుంటుంది, వాడ దూరం, పసిబిడ్డను ఎవరూ ఎత్తుకుపోరు. ఎస్సీ, ఎస్టీ వాడలకు అంగన్‌వాడీలు ముందుగా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్ల లోపు బిడ్డలు 40 మంది వుండి అంగన్‌వాడీ లేని చోట, జనం అడిగిన మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబరు 13న ఆర్డరిచ్చింది. కాబట్టి ప్రతి ఆదిఆంధ్రవాడలో, ప్రతి అరుంధతివాడలో ఇద్దరు చెల్లెళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్ల లోపు బిడ్డల పేర్లు రాయాల. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తల్లి ఏ పనికి పోతుంది, ఎన్ని గంటలకు పోయి ఎన్ని గంటలకు వస్తుంది. ఆ చివరి గడి ఎవరి ఫారంలోనూ వుండదు, మనం గీసుకోవాల. 40 దాటితే అంగన్‌వాడీ అడగాల. వాడలో ఇప్పటికే అంగన్‌వాడీ వుంటే పసిబిడ్డలను గూడా చూసుకునే క్రెష్ అడగాల, 2022 నించి పాల్నా పేరుతో ఆ పథకం వుంది. అర్జీ గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. ఇంకో కాపీ ఐ.సి.డి.ఎస్. ఆఫీసులో సి.డి.పి.ఓ.కు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా బయటికి రావద్దు. ఎందుకంటే మూడు నెలల లెక్క ఆ తేదీ నించే మొదలవుతుంది. జాబితా రాసేందుకు నోటు పుస్తకాలు అక్కడ బల్ల మీద వుండాయి, పోయేటప్పుడు వాడకొకటి తీసుకుపొండి.